విన్న మాట నుంచి కొత్త ఆలోచన దాకా: వినియోగదారుల పరిశీలనను ఆలోచనలుగా మలచే విధానం

వాడేవాళ్లను దగ్గరగా గమనించి వాళ్ల అవసరం నుంచే పరిష్కారం వెతికే డిజైన్ థింకింగ్ పద్ధతిలో పనిచేసే జట్లలో తరచూ కనిపించే దృశ్యం ఒకటి ఉంది. వారం రోజులు ఊళ్లు తిరిగి, పదిమంది ఇళ్లలో కూర్చుని మాట్లాడి, ఫోన్ల నిండా ఫొటోలూ నోటుపుస్తకాల నిండా రాతలూ మోసుకొచ్చిన జట్టు మర్నాడు పొద్దున్నే బోర్డు ముందు కూర్చుంటుంది. అయిదు నిమిషాలు గడవకముందే ఎవరో ఒకరు "దీనికి ఒక యాప్ చేస్తే సరిపోతుంది కదా" అంటారు. నిజానికి ఆ యాప్ ఊరికి బయల్దేరకముందే ఆయన బుర్రలో ఉంది. ఊళ్లో విన్న మాటలేవీ దాన్ని అంగుళం కూడా కదిలించలేదు. అంత శ్రమపడి చేసిన పరిశీలన చివరికి నివేదికలో మొదటి పది పేజీలుగా మిగిలిపోతుంది.

విన్నదానికీ చేయబోయేదానికీ మధ్య ముఖ్యమైన పనులు రెండున్నాయి. విన్నదాని ఆంతర్యం పట్టుకోవడం మొదటిది, ఆ ఆంతర్యాన్ని ప్రశ్నగా మలచడం రెండవది. బ్రిటన్‌లోని డిజైన్ కౌన్సిల్ 2005లో ప్రచారంలోకి తెచ్చిన, సమస్యను అర్థం చేసుకోవడాన్ని ఒక వజ్రంగానూ పరిష్కారం వెతకడాన్ని మరో వజ్రంగానూ గీసిన డబుల్ డైమండ్ బొమ్మలో రెండు వజ్రాలు కలుసుకునే సన్నని చోటు ఇదే. బొమ్మలో అది ఒక చుక్క మాత్రమే కావడం వల్లనో ఏమో, చాలామంది దాన్ని ఒక్క అంగలో దాటేస్తారు. నా లెక్కలో మేధోమథనానికి, అంటే జట్టంతా కూర్చుని ఆలోచనలు కురిపించే పనికి, ఒక పూట చాలు, దానికి ముందు జరగాల్సిన పనికి మాత్రం రెండు నిండు రోజులు కావాలి. ఈ మార్గదర్శి కూడా ఆ రెండు రోజుల పని దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది.

చెప్పేదంతా గాలిలో తేలిపోకుండా ఒక నమూనా సందర్భాన్ని అనుకుందాం. తెలంగాణలోని ఒక పల్లెలో బీపీ, షుగరు మాత్రలు వాడే పెద్దవాళ్లున్నారు. మాత్రలు ప్రతి నెలా ప్రభుత్వం తరఫున ఉచితంగానే అందుతున్నాయి, అయినా చాలామంది మధ్యలో మానేస్తున్నారు. ఎందుకు మానేస్తున్నారో తెలుసుకుని ఏదైనా ఉపాయం ఆలోచించమని నలుగురి జట్టుకు పని అప్పగించారు. జట్టులో ఒక డిజైనరు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, ఒక సాఫ్ట్‌వేర్ కుర్రవాడు ఉన్నారు. వాళ్లు పన్నెండు ఇళ్లకు వెళ్లి మాట్లాడి వచ్చారు. ఇక్కడి నుంచి మన పని మొదలవుతుంది.

మొదటి మెట్టు: నోట్సును కార్డులుగా విప్పడం

ఇంటర్వ్యూ జరిగిన రోజు రాత్రి లోపల, ఎంత ఆలస్యమైనా మర్నాటి మధ్యాహ్నం లోపల, నోట్సును విడి కార్డుల మీదికి ఎక్కించాలి. రాసుకున్న అక్షరాలు ఎక్కడికీ పోవు గానీ, రాయకుండా కళ్లతో చూసినవి రెండు రోజుల్లో మసకబారతాయి. ఒక కార్డు మీద ఒకే సంగతి ఉండాలి. మూలన వరుస సంఖ్య, ఏ ఇంటిదో తెలిపే గుర్తు వేయాలి. మనిషి పేరు రాయకూడదు. ఆరోగ్యానికి సంబంధించిన సంగతులు గోడ మీదికి ఎక్కుతున్నప్పుడు "మూడో ఇంటి అవ్వ" అన్న గుర్తు చాలు.

చూసింది ఒకటి, మనం అనుకున్నది మరొకటి. ఈ రెంటినీ ఒకే కార్డు మీద కలిపి రాయకపోవడమే ఈ మెట్టులోని అసలు క్రమశిక్షణ. "చదువు లేకపోవడం వల్ల మాత్రలు గుర్తుపట్టలేకపోతోంది" అని రాసిన కార్డు చూడటానికి బాగానే ఉంటుంది, కానీ దాంట్లో చూసింది ఒక్కటీ లేదు, ఉన్నదంతా తీర్పే. ఆ మూడో ఇంటి అవ్వ దగ్గర నిజంగా కంటపడిన సంగతులు ఇలా ఉంటాయి: మాత్రల స్ట్రిప్పును కత్తెరతో ఒక్కో గడిగా కత్తిరించి పాత హార్లిక్స్ సీసాలో వేసుకుంది, సీసా పొయ్యి పక్క అరలో ఉంది, పదకొండు గడుల్లో రెండింటి మీదే మందు పేరు కనిపిస్తోంది, గడువు తేదీ ఒక్కదాని మీదా లేదు. ఇవి నాలుగు కార్డులు. అయిదవది ఆమె మాట: "పోయిన నెల గుండ్రంగ ఉండె, ఈ నెల పొడుగ్గ ఇచ్చిన్రు. నాది కాదేమో అని పక్కకు పెట్టిన."

ఆ మాటను ఆమె అన్నట్టే, ఆమె యాసలోనే రాయాలి. మన జట్లలో ఒక దురలవాటు ఉంది. తెలుగులో విని, ఇంగ్లీషులో రాసుకుని, మళ్లీ తెలుగులో చర్చిస్తాం. ఈ రెండు ప్రయాణాల్లో సరుకు సగం పోతుంది. "కండ్లు తిరుగుతయి", "గాబరా అయితది", "ఒళ్లు తూలినట్టయితది" అని ముగ్గురు మూడు రకాలుగా చెబితే ఇంగ్లీషు నోట్సులో మూడింటికీ ఒకటే మాట పడుతుంది. "ఆ గోళీ వేడి చేస్తది" అన్నదాన్ని "సైడ్ ఎఫెక్ట్స్" అని రాసుకున్న క్షణంలో, వేడి చేసే వస్తువు పట్ల మన ఇళ్లలో ఉండే జాగ్రత్తలన్నీ ఆ కార్డు మీది నుంచి తుడిచిపెట్టుకుపోతాయి. ఎండాకాలం మానేయడం, మజ్జిగ తాగాక వేసుకోవడం, ఒకరోజు వదిలి ఒకరోజు మింగడం వంటివన్నీ ఆ "వేడి" అనే మాట వెనకే ఉన్నాయి. ఆ మాట పోతే వాటిని పట్టుకునే దారీ పోతుంది. రికార్డింగులను యంత్రం చేత అక్షరాల్లోకి మార్పించి, సారాంశం కూడా దాని చేతే రాయించే వాళ్లకు ఈ హెచ్చరిక రెట్టింపు వర్తిస్తుంది. సారాంశంలో మొదట రాలిపోయేవి ఇలాంటి ఒంటరి మాటలే.

గంట సేపు సాగిన సంభాషణ నుంచి ఇరవై ముప్ఫై కార్డులు రావడం సహజం. ఆరేడే వస్తే మీరు ముందుగానే వడబోసి రాస్తున్నారని అర్థం.

చిన్న కదలికను, లెక్కపెట్టగలిగిన పనిని గమనించడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి, పోచంపల్లి చీరలకు నూలు సిద్ధం చేసే ఆసు పని చేసేవారు. అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలకు పోసేసరికి భుజం పట్టేసేది. నేత కుటుంబాల కష్టాల గురించి అడిగితే ఎవరైనా కూలి గురించో, గిట్టుబాటు గురించో, మగ్గం గురించో చెబుతారు. ఆసు పోయడం ఆడవాళ్లు ఇంట్లో చేసుకునే పని కాబట్టి అది ఫిర్యాదుల పట్టికలోకే రాదు. మల్లేశం చూసింది ఆ చేతి కదలికను. 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆయన పూర్తిచేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ కదలికనే చేతి నుంచి యంత్రానికి బదిలీ చేసింది. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. ఆయన ఏ డిజైన్ పాఠశాలలోనూ చదవలేదు, ఒకే ఇంట్లో ఒకే పనిని ఏళ్ల తరబడి దగ్గరగా చూశారు.

రెండవ మెట్టు: గుంపులు కట్టడం

మూడు వందల కార్డులను నేల మీదో గోడ మీదో పరచి, దగ్గరి సంబంధం ఉన్నవాటిని పక్కపక్కన చేర్చడం రెండవ మెట్టు. నేపాల్‌లో క్షేత్ర పరిశోధన చేసిన జపాను శాస్త్రవేత్త జిరో కవాకితా, కుప్పలుగా పోగుపడిన క్షేత్ర గమనికలను దారికి తెచ్చుకోవడానికి రూపొందించుకున్న పద్ధతి ఇది. ఆయన ఇంటిపేరు, పేరుల మొదటి అక్షరాలతోనే దీన్ని కేజే పద్ధతి అంటారు, కార్పొరేటు కార్యాలయాల్లో అఫినిటీ డయాగ్రమ్ అంటారు.

పద్ధతిలో ముఖ్యమైన నియమం ఒకటే: శీర్షికలు ముందుగా పెట్టుకోకూడదు. "నిల్వ", "ధర", "కుటుంబం", "అవగాహన" అని నాలుగు డబ్బాలు గీసి కార్డులను వాటిలో వేస్తే, మీకు ముందే తెలిసిన నాలుగు సంగతులు ఇంకాస్త సర్దుగా తెలుస్తాయి, అంతే. కార్డును చదివి, దానికి దగ్గరగా అనిపించిన మరో కార్డు పక్కన పెట్టి, ఎందుకు పెట్టారో అప్పుడే వివరించకుండా ముందుకు సాగాలి. నలుగురూ మౌనంగా చేస్తే మంచిది. ఒకరు పెట్టిన కార్డును మరొకరు తీసి వేరేచోట పెట్టవచ్చు. ఒకే కార్డు మూడుసార్లు చోటు మారితే దానికి నకలు రాసి రెండు చోట్లా ఉంచవచ్చు. గుంపులో అయిదారు కార్డులకు మించితే అందులో రెండు సంగతులు కలిసిపోయాయేమో చూడాలి.

గుంపులు కుదిరాక పేరు పెట్టాలి. ఆ పేరు ఒక్క పదం కాకుండా పూర్తి వాక్యం కావాలి. "మాత్రల గుర్తింపు" అన్న పేరు ఏమీ చెప్పదు. "మాత్రను పేరుతో ఎవరూ గుర్తుపట్టరు, రంగూ ఆకారమే దానికి పేరు" అన్న వాక్యం చదవగానే మనసు ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. వాక్యంలో క్రియ ఉంటుంది, క్రియలో మనిషి ఉంటాడు.

ఏ గుంపులోనూ ఇమడని కార్డులు కొన్ని మిగులుతాయి. వాటిని "ఇతరములు" అని మూలకు నెట్టేయడం పరిపాటి. నేనైతే వాటినే మధ్యలో పెడతాను. మన సందర్భంలో అలాంటి ఒంటరి కార్డు ఒకటుంది. ఏడో ఇంటి ఆమె అన్న మాట: "ఆయన గోళీలు టైముకిస్త. నావే యాది మరుస్త." అదే ఇంట్లో, అదే సమయానికి, అదే మనిషి ఒకరి మాత్రలు మరచిపోదు, తనవి మరచిపోతుంది. జ్ఞాపకశక్తి లోపమే కారణమైతే రెండూ మరచిపోవాలి కదా. ఈ ఒక్క కార్డు, ఫోనులో అలారం పెట్టాలన్న సాఫ్ట్‌వేర్ కుర్రవాడి తొలి ఆలోచనను నిశ్శబ్దంగా పక్కకు తప్పించింది.

మూడవ మెట్టు: ఆంతర్యాన్ని వాక్యంగా రాయడం

డిజైన్ రంగంలో ఇన్‌సైట్ అని వాడే మాటకు నేను ఇక్కడ ఆంతర్యం అంటున్నాను. చూసిన సంగతి వెనక పనిచేస్తున్న, పైకి కనబడని కారణం అని దాని భావం. గుంపుల పేర్లు రాసేసి ఆంతర్యాలు దొరికాయనుకోవడం ఈ మెట్టులో జరిగే పొరపాటు. గుంపు పేరు ఏం జరుగుతోందో చెబుతుంది. అలా జరగడంలో ఏ రెండు బలాలు ఒకదాన్నొకటి లాగుతున్నాయో ఆంతర్యం చెప్పాలి.

ఒకే ఆంతర్యాన్ని మూడుసార్లు రాసి చూద్దాం.

మొదటి ప్రయత్నం: "వృద్ధులకు మాత్రల పేర్లు తెలియవు." ఇది నిజమే, కానీ దీంట్లో లాగుడు లేదు. దీని నుంచి పుట్టే ఆలోచన "పేర్లు నేర్పించాలి" అన్నదొక్కటే, అది ఊరికి వెళ్లకుండానే ఎవరైనా చెప్పగలరు.

రెండవ ప్రయత్నం: "వృద్ధులు మాత్రలను రంగుతో గుర్తుపడతారు కాబట్టి రంగు మారితే తికమకపడతారు." కొంత మెరుగే. అయితే "తికమక" మనం పెట్టిన మాట. అయిదవ కార్డు మళ్లీ చదవండి. ఆమె తికమకపడలేదు, ఆలోచించి ఒక నిర్ణయం తీసుకుంది. తనది కాని మందు మింగకూడదని పక్కన పెట్టింది.

మూడవ ప్రయత్నం: "మాత్ర రంగూ ఆకారం చూసే అవ్వ అది తనదని నమ్ముతుంది. కానీ సరఫరా మారినప్పుడల్లా అదే మందు వేరే రూపంలో వస్తుంది. అందువల్ల పొరపాటు మందు మింగకూడదన్న ఆమె జాగ్రత్తే ఆమె చేత సరైన మందు మాన్పిస్తోంది."

మూడవదాంట్లో మొదటి రెండింట్లో లేని "కానీ" ఉంది. ఆ మనిషి కోరుకునేదానికీ ఆమెకు ఎదురయ్యేదానికీ మధ్య పేచీ ఎక్కడుందో ఆ ఒక్క మాట చూపిస్తుంది. కొత్త ఆలోచన పుట్టేది ఆ పేచీ దగ్గరే. కాబట్టి ప్రతి ఆంతర్యాన్నీ "కానీ" పెట్టి రాయగలమా అని చూడండి. రాయలేకపోతే ఇంకా గుంపు పేరు దగ్గరే ఉన్నారు. రాసిన వాక్యంలో మనిషి అవివేకిగా కనిపిస్తే మరోసారి రాయండి. జనం చేసే వింత పనుల వెనక వాళ్లదైన తర్కం ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అది దొరికేదాకా ఆంతర్యం దొరకనట్టే.

రాసినదాన్ని ఆ పనిలో ఏళ్లుగా ఉన్న ఒక ఆశా కార్యకర్తకు చదివి వినిపించడం మంచి పరీక్ష. "ఇది తెలిసిందే కదా సార్" అని ఆమె తేలికగా తీసేస్తే వెనక్కి వెళ్లాలి. ఒక్క క్షణం ఆగి, "అవును, మా వీధిలో కూడా ఒకామె ఇట్లనే..." అని తన సంగతి చెప్పడం మొదలుపెడితే ముందుకు వెళ్లవచ్చు.

పన్నెండు ఇళ్ల పరిశీలన నుంచి ఇలాంటివి మూడో నాలుగో వస్తే చాలు. ఇరవై వచ్చాయంటే అనుమానించాలి.

నాలుగవ మెట్టు: ఆంతర్యాన్ని ప్రశ్నగా తిప్పడం

ఆంతర్యం దొరికినా అది ఇంకా ఒక ప్రకటనే. ప్రకటన ముందు జనం తల ఊపుతారు, ప్రశ్న ముందు అయితేనే ఆలోచిస్తారు. "హౌ మైట్ వుయ్", అంటే "మనం ఎలా చేయవచ్చు" అనే ప్రశ్నా రూపం ఈ పని కోసమే వాడుకలోకి వచ్చింది. 1970లలో ప్రొక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో మిన్ బాసడూర్ పనిచేస్తున్నప్పటి కథ ఒకటి దీని గురించి చెబుతారు. పోటీ కంపెనీ ఆకుపచ్చ చారల ఐరిష్ స్ప్రింగ్ సబ్బు తెస్తే, వీళ్ల జట్టు "ఇంతకంటే మంచి ఆకుపచ్చ చారల సబ్బు ఎలా చేయాలి" అన్న ప్రశ్న పట్టుకుని ముందుకు కదలలేకపోయింది. ప్రశ్నను "మరింత తాజాదనం కలిగించే సబ్బు ఎలా చేయవచ్చు" అని మార్చాక తలుపులు తెరుచుకున్నాయి, చివరికి కోస్ట్ అనే సబ్బు వచ్చింది. మారింది ప్రశ్న మాత్రమే, జట్టు అదే.

తెలుగులో ఈ ప్రశ్న రాసేటప్పుడు క్రియ చివర ఏం వస్తోందో చూసుకోవాలి. "ఎలా చేయాలి" అంటే సరైన జవాబు ఎక్కడో ఒకటుందనీ, దాన్ని చెప్పాల్సిన బాధ్యత మన మీద ఉందనీ ధ్వనిస్తుంది. "ఎలా చేయవచ్చు" అంటే దారులు చాలా ఉన్నాయని ధ్వనిస్తుంది. అక్షరాల తేడా చిన్నదే, కానీ గదిలో కూర్చున్న కొత్త ఉద్యోగి నోరు తెరవడానికి రెండవదే వీలిస్తుంది.

ప్రశ్న పరిమాణం కూడా కుదరాలి. "గ్రామీణ వృద్ధుల ఆరోగ్యాన్ని ఎలా మెరుగుపరచవచ్చు" అన్నది మరీ పెద్దది, దానికి జవాబుగా ప్రభుత్వ పథకం రాయాలి తప్ప ఆలోచన రాయలేం. "హార్లిక్స్ సీసా మూత మీద రంగు స్టిక్కరు ఎలా అంటించవచ్చు" అన్నది మరీ చిన్నది, జవాబు దాంట్లోనే ఉంది. ఈ రెంటి కంటే ప్రమాదకరమైనది పరిష్కారాన్ని పొట్టలో దాచుకున్న ప్రశ్న. "వృద్ధులు రిమైండరు యాప్‌ను వాడేలా ఎలా చేయవచ్చు" అని అడిగిన జట్టు యాప్ కావాలా వద్దా అన్న సంగతి మరి ఎప్పటికీ ఆలోచించదు.

ఒక ఆంతర్యం నుంచి ఒకే ప్రశ్న తీయకూడదు. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడాలి. అవ్వ ఆంతర్యాన్నే తిప్పి చూద్దాం. మాత్ర రూపం మారినా ఇది తన మందేనని ఆమె నమ్మేలా ఎలా చేయవచ్చు? రూపంతో సంబంధం లేని గుర్తు ఒకటి ఆమెకు ఎలా ఇవ్వవచ్చు? అనుమానం వచ్చిన రోజే, ఇల్లు కదలకుండా, ఎవరినైనా అడిగే వీలు ఎలా కల్పించవచ్చు? రూపం మారిన సంగతి ఆమె కంటే ముందు ఫార్మసిస్టు కంటపడేలా ఎలా చేయవచ్చు? ఆమె జాగ్రత్తను లోపంగా చూడకుండా, ఊళ్లో పొరపాటు మందులను పట్టుకునే బలంగా ఎలా వాడుకోవచ్చు? స్ట్రిప్పును కత్తిరించుకోవాల్సిన అవసరమే రాకుండా ఎలా చేయవచ్చు? ఇందులో నాలుగవ ప్రశ్న భారాన్ని అవ్వ మీది నుంచి తీసి మరొకరి మీద పెట్టింది. అయిదవది చెడును మంచిగా తిప్పింది. ఇలాంటి మలుపులు రావాలంటే మొదట తోచిన రెండు ప్రశ్నలతో తృప్తి పడకూడదు.

ప్రశ్న మారితే వస్తువే మారిపోతుందనడానికి ఎంబ్రేస్ కథ మంచి సాక్ష్యం. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరును తక్కువ ఖర్చులో తయారుచేయాలన్న పనితో మొదలయ్యారు. నేపాల్ వెళ్లి చూస్తే, నెలలు నిండకుండా పుట్టే పిల్లల్లో చాలామంది ఆసుపత్రికి దూరంగా పల్లెల్లో పుడుతున్నారు, ఇంక్యుబేటరు ఎంత చవకైనా వాళ్ల దగ్గరికి చేరదు. "చవక ఇంక్యుబేటరు" అన్న మాట పోయి, "కరెంటు లేని పల్లెలో తల్లి చేతిలో ఉన్న బిడ్డకు వెచ్చదనం ఎలా అందించవచ్చు" అన్న ప్రశ్న వచ్చింది. దాని జవాబు గాజు పెట్టె కాలేదు. మైనం లాంటి పదార్థం నింపిన పొట్లంతో కొన్ని గంటలపాటు వెచ్చదనాన్ని పట్టి ఉంచే చిన్న పడక సంచీ అయింది, దాని పేరే ఎంబ్రేస్.

అయిదవ మెట్టు: ఆలోచనలు రాయడం

ఇన్ని మెట్లెక్కాక ఈ మెట్టు తేలికే. మేధోమథనాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా ప్రకటనల రంగ నిపుణుడు అలెక్స్ ఆస్‌బోర్న్ చెప్పిన నియమాలు ఇప్పటికే అందరికీ తెలుసు: విమర్శ వాయిదా వేయాలి, వింతవి రానివ్వాలి, సంఖ్య పెంచాలి, ఒకరిదాని మీద ఒకరు కట్టాలి. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో, విడివిడిగా కూర్చుని రాసినవాళ్ల ఆలోచనలన్నీ కలిపితే, అంతమందే కలిసి కూర్చుని చెప్పినవాటి కంటే ఎక్కువ వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు ఆగాల్సి రావడం దీనికి పెద్ద కారణమని 1987లో డీల్, స్ట్రోబే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. మన కార్యాలయాల్లో ఇంకో కారణం కూడా ఉంది. పెద్దసారు ఒక ఆలోచన చెప్పాక మిగిలినవన్నీ దానికి వ్యాఖ్యానాలే అవుతాయి.

అందుకని ముందు మౌనంగా రాయించి ఆ తర్వాత మాట్లాడించాలి. ఒక ప్రశ్న గోడ మీద పెట్టి, ఏడు నిమిషాలు ఎవరికి వారు ఒక కాగితానికి ఒక ఆలోచన చొప్పున రాయాలి. జట్టు కొంచెం పెద్దదైతే 1968లో జర్మనీకి చెందిన బెర్న్ట్ రోర్‌బాఖ్ చెప్పిన 6-3-5 పద్ధతి బాగుంటుంది. ఆరుగురు, తలా మూడు ఆలోచనలు, అయిదు నిమిషాలు, ఆపైన కాగితం పక్కవాళ్లకు. అరగంటలో 108 ఆలోచనలు. అందులో తొంభై పనికిరావు, ఫరవాలేదు.

ఊట ఆగినప్పుడు "ఇంకా ఆలోచించండి" అంటే రాదు. ఇదే చిక్కును వేరే రంగంలో ఎవరు ఎలా విప్పారో వెతకాలి. అక్షరాలు చదవలేని మనిషికి తనది ఏదో గుర్తుపట్టే వీలు కల్పించాల్సిన అవసరం ఈ దేశంలో ఇంతకుముందు ఎవరికి వచ్చింది? 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలు నిర్వహించినవాళ్లకు వచ్చింది. వాళ్లు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించారు. గుర్తు ఓటు కాగితం మీద లేదు, అది పడే పెట్టె మీద ఉంది. ఈ పోలికను పక్కన పెట్టుకుంటే మాత్ర రూపం ఎన్నిసార్లు మారినా మారని చోటు ఒకటి కనబడుతుంది. మాత్ర పడే డబ్బా అది. పొద్దుటి డబ్బా మీద సూర్యుడు, రాత్రి డబ్బా మీద చంద్రుడు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఇంకో పోలిక. పాలు పోయించుకున్న రోజు, గ్యాసు బండ వచ్చిన తేదీ, చీటీ కట్టిన రోజు అన్నీ దాని మీదే పెన్నుతో గీసుకుంటారు. మాత్రల లెక్క అక్కడికి ఎందుకు ఎక్కకూడదు?

అవ్వ ప్రశ్నలకు జట్టు రాసుకున్నవాటిలో మరికొన్ని: రూపం మారిన నెలలో పాత గడినీ కొత్త గడినీ పక్కపక్కన అంటించి "మందు అదే" అని చెప్పి ఇచ్చే కార్డు, దంపతుల మాత్రలు ఒకే పొట్లంలో కట్టి ఇవ్వడం, అప్పుడు ఏడో ఇంటి ఆమె ఆయనవి తీసినప్పుడల్లా తనవి కూడా చేతికి వస్తాయి, ఒక్కో గడి వెనకా పేరు, తేదీ ఉండేలా స్ట్రిప్పు ముద్రించడం, పొయ్యి దగ్గర తగిలించుకునే జేబుల గుడ్డసంచీ.

ఆరవ మెట్టు: ఏరడం

నచ్చిన ఆలోచన పక్కన తలా కొన్ని చుక్కలు పెట్టించి ఓట్లు వేయించడం సర్వత్రా ఉన్న ఆచారం. వేయించండి, కానీ దానికి ముందు ప్రతి ఆలోచనకూ దాని దారం వెనక్కి లాగి చూడండి. ఈ ఆలోచన ఏ ప్రశ్నకు జవాబు, ఆ ప్రశ్న ఏ ఆంతర్యం నుంచి వచ్చింది, ఆ ఆంతర్యం కింద ఏ సంఖ్యల కార్డులున్నాయి? దంపతుల పొట్లం దారం లాగితే ఏడో ఇంటి కార్డు దాకా తెగకుండా వస్తుంది. రిమైండరు యాప్ దారం ప్రశ్న దగ్గరే తెగుతుంది. తెగినదాన్ని పారేయనక్కర్లేదు, "ఇది మనది, వాళ్లది కాదు" అని రాసి విడిగా ఉంచితే చాలు. ఒక్క కార్డు మీదే నిలబడ్డ ఆలోచన కూడా తక్కువేమీ కాదు, కాకపోతే అది ఇంకో నాలుగు ఇళ్లు తిరిగి రావాలి.

ఈ వడపోతలో చేతికి అందేవి ఒకటి రెండు, ఇప్పుడు సాధ్యం కాకపోయినా దారం గట్టిగా ఉన్నది ఒకటి ఉంచుకోవాలి. స్ట్రిప్పు ముద్రణ మార్చడం నలుగురి జట్టు చేతిలో లేదు. అయినా అది జాబితాలో ఉండటం వల్ల మిగతావి ఏ లోటును పూడుస్తున్నాయో గుర్తుంటుంది.

ఏడవ మెట్టు: మళ్లీ ఆ గడప దగ్గరికి

ఏరిన ఆలోచనను అట్టముక్కతో, గమ్ముతో, స్కెచ్ పెన్నుతో వీలైతే మర్నాడే వస్తువుగా చేసి అదే ఇళ్లకు తీసుకెళ్లాలి. మాత్రల జోలికి వెళ్లే నమూనా ఏదైనా ముందు ఫార్మసిస్టు కంటికింద నుంచి దాటాలి, తప్పు మాత్ర తప్పు డబ్బాలో పడితే అది ప్రయోగం అనిపించుకోదు.

అక్కడికి వెళ్లాక "నచ్చిందా అవ్వా?" అని అడగకండి. ఎండలో నడిచి వచ్చిన పిల్లల మనసు నొప్పించడం ఇష్టం లేక ఆమె "మంచిగున్నది బిడ్డా" అంటుంది, మీరు సంబరపడి తిరిగొస్తారు. వస్తువు చేతికిచ్చి, రాత్రి మాత్ర తీయమని చెప్పి, నోరు మూసుకుని చూడాలి. ఎంబ్రేస్ జట్టుకు కూడా మన దేశంలో ఇలాంటి అనుభవమే ఎదురైంది. నమూనా మీద ఉష్ణోగ్రత అంకెలు చూపిస్తే, ఒక తల్లి 37 డిగ్రీలు పెట్టమన్నా బిడ్డకు ఎక్కువవుతుందేమోనని 30 దగ్గరే ఆపుతానన్నది. ఇంగ్లీషు మందు ఘాటుగా ఉంటుందని మోతాదు తగ్గించి వేసే అలవాటు దాని వెనక ఉంది. జట్టు అంకెలను తీసేసి, సరిపోయింది, సరిపోలేదు అని మాత్రమే చెప్పే గుర్తు పెట్టింది. "వేడి చేస్తది" అన్న మన కార్డుకు ఈ కథ దగ్గరి చుట్టం.

మన జట్టు రెండు నమూనాలు చేసిందనుకుందాం. సూర్యచంద్రుల డబ్బాలు ఒకటి, స్ట్రిప్పు మూలన అంటించే సూర్యుడి స్టిక్కరు మరొకటి. మూడు రోజులాగి మూడో ఇంటికి వెళ్తే డబ్బాలు రెండూ పొయ్యి అరలో ఉన్నాయి, చంద్రుడి డబ్బాలో మిరియాలున్నాయి. స్ట్రిప్పు మామూలుగానే ముక్కలైంది. స్టిక్కరు ఒక్క గడి మీదే మిగిలింది, ఆ గడిని మాత్రం ఆమె మింగకుండా విడిగా కొంగున ముడివేసుకుంది. ఎందుకని అడిగితే, "వచ్చే నెల ఇచ్చేది ఇట్లనే ఉన్నదో లేదో చూసుకోవద్దా?" అంది.

స్టిక్కరు పనిచేయలేదని రాసుకుంటే ఆ మాట పోతుంది. పోల్చి చూసుకోవడానికి ఒక మాదిరి ఆమెకు కావాలి, దాన్ని తనే తయారుచేసుకుంది, మందుల కిటికీ దగ్గర ఆ మాదిరిని చూపించమని అడిగే మనిషి మాత్రం ఎవరూ లేరు. కొత్త కార్డు తీసి, ఆమె మాటను ఆమె అన్నట్టే రాసి, తర్వాతి సంఖ్య వేసి, అయిదవ కార్డు పక్కన అంటించండి.